కిల్కెన్నీయా, గాల్వేయా? రెండు రాత్రుల యాత్రకు ఏది మేలు?

డబ్లిన్‌లో ఉంటున్న తెలుగువారిలో, ముఖ్యంగా ఊరి నుంచి తల్లిదండ్రులను పిలిపించుకున్నవారిలో, తరచుగా వినిపించే ప్రశ్న ఒకటి ఉంది. రాజధాని చూడడం అయింది, చేతిలో రెండు రాత్రులు ఉన్నాయి, పాతకాలపు ఊరు ఒకటి చూపించాలంటే ఎక్కడికి తీసుకువెళ్లాలి? అడిగేవారిలో చాలామంది మనసులో అప్పటికే గాల్వే ఉంటుంది. ఈ మధ్య మా పెద్దవాళ్లతో వెళ్లవలసి వచ్చినప్పుడు నేను మాత్రం కిల్కెన్నీని ఎంచుకున్నాను. అలా ఎందుకు ఎంచుకున్నానో, ఎవరు మాత్రం గాల్వేకే వెళ్లాలో ఇక్కడ వివరిస్తాను.

రెండింటికీ డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్ నుంచి నేరుగా రైళ్లు ఉన్నాయి. కిల్కెన్నీకి సుమారు గంటన్నర, గాల్వేకు సుమారు రెండున్నర గంటలు పడుతుంది. ఆ గంట తేడాను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. అసలు చూడవలసింది సాయంత్రం ఐదు తరువాత ఏం చేస్తామన్నది. ఐర్లండ్‌లో కోటలు, మ్యూజియంలు చాలావరకు ఆ వేళకు మూసేస్తారు. డిసెంబరులో అయితే నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆ తరువాత తినడం, తాగడం, నిద్రపోవడం కూడా ఆ పాత వీధుల్లోనే, పెద్దవాళ్లు నడవగలిగే దూరంలోనే జరిగితేనే చారిత్రక నగరంలో రెండు రాత్రులు గడిపిన తృప్తి మిగులుతుంది.

ఈ విషయంలో కిల్కెన్నీకి సాటి వచ్చే ఊరు నాకు కనిపించలేదు. ఒక కొసన నోర్ నది ఒడ్డున కోట, మరో కొసన సెయింట్ కానిస్ కెథడ్రల్, ఆ రెంటి మధ్య దూరం ఇంచుమించు ఒక కిలోమీటరు. చూడవలసినవన్నీ ఆ దారిలోనో, దానికి కాస్త పక్కగానో ఉన్నాయి. కోటను బట్లర్ అనే ప్రభువుల వంశం 1391లో కొనుగోలు చేసింది. వారి వారసుడు 1967లో దానిని 50 పౌండ్ల నామమాత్రపు ధరకు ఊరి ప్రజలకు అప్పగించాడు. పార్లమెంట్ స్ట్రీట్‌లోని రోత్ హౌస్ ఒక వర్తక కుటుంబం 1594 నుంచి 1610 వరకు ఒకదాని వెనుక ఒకటిగా కట్టుకున్న మూడు ఇళ్ల సముదాయం. నడుమ రాతి ముంగిళ్లు, చివర పెరడు ఉన్న ఆ అమరికను మా అమ్మ ఎంతో ఇష్టంగా చూసింది. కెథడ్రల్ పక్కన ముప్పై మీటర్ల ఎత్తున నిలిచిన గుండ్రని గోపురాన్ని లోపలి నుంచి నిటారు నిచ్చెనల మీద ఎక్కవచ్చు, అయితే మోకాళ్ల నొప్పులున్నవారు కింద నుంచి చూడడమే మంచిది. హై స్ట్రీట్ నుంచి సెయింట్ కీరన్స్ స్ట్రీట్‌కు మెట్లతో దిగే బటర్ స్లిప్ సందులో ఎదురుగా మనిషి వస్తే ఒత్తిగిలి దారి ఇవ్వాలి. ఈ ఊరి నల్లరాయిలో తెల్లని శిలాజాల గుర్తులు ఉంటాయి. వాన పడి రాయి తడిసినప్పుడు అవి మరింత స్పష్టంగా కనిపిస్తాయి కనుక వాన వచ్చిందని గదికి తిరిగి వెళ్లిపోకండి.

ఆ సందు దిగితే వచ్చే వీధిలోనే కైటెలర్స్ ఇన్ ఉంది. 1324లో క్షుద్రవిద్య ఆరోపణ మీద విచారణను ఎదుర్కొన్న ఆలిస్ కైటెలర్ పేరుతో ముడిపడిన చోటు అది. ఆమె తప్పించుకుని పారిపోగా, పరిచారిక పెట్రొనిల్లాను ఈ ఊళ్లోనే సజీవ దహనం చేశారు. ఆ ఘోరం గురించి పగలు చదివి, రాత్రి అదే రాతి గోడల మధ్య కూర్చుని భోజనం చేయడం వేరే అనుభవం. తాగే అలవాటున్నవారు 1710లో ఈ ఊళ్లోనే మొదలైన స్మిథిక్స్ అనే ఎర్రని ఏల్ (ఒక రకం బీరు) రుచి చూడాలి. దాని తయారీ ఇప్పుడు డబ్లిన్‌కు తరలిపోయింది, పాత బ్రూవరీ స్థలంలో సందర్శన మాత్రం ఉంది. పబ్‌లో చాలాచోట్ల మనమే కౌంటర్ దగ్గరికి వెళ్లి కావలసినవి చెప్పి, అక్కడే డబ్బు చెల్లించాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను రాత్రి తొమ్మిది వరకు, మే నుంచి సెప్టెంబరు దాకా అయితే పది వరకు మాత్రమే ఉండనిస్తారు. కనుక పిల్లలతో వెళ్లేవారు భోజనం త్వరగా ముగించుకోవడం మేలు.

శాకాహారుల సంగతికి వస్తే రెండు ఊళ్లదీ ఒకటే కథ. కూరగాయల సూప్, బ్రౌన్ బ్రెడ్ ఎక్కడైనా దొరుకుతాయి, కానీ సూప్‌లో కోడి మాంసం మరిగించిన నీళ్లు వాడారేమో, చిప్స్ చేపలు వేయించిన నూనెలోనే వేయించారేమో అడిగి తెలుసుకోవాలి. ఉదయపు పళ్లెంలో నల్లగా, గుండ్రంగా కనిపించే ముక్కలు పంది రక్తంతో చేసినవని పెద్దవాళ్లకు ముందే చెప్పండి. మన భోజనం లేనిదే గడవనివారికి రెండు చోట్లా భారతీయ రెస్టారెంట్లు ఉన్నాయి.

ఇక గాల్వే. అక్కడి సంగీతానికి, సముద్రానికి కిల్కెన్నీ సాటి రాదు. టిగ్ కోలీ వంటి పబ్‌లలో వాద్యగాళ్లు ఒక మూల బల్ల చుట్టూ చేరి, వేదిక లేకుండా, జనం మధ్యే వాయిస్తారు. ఆల్చిప్పలు, చేపలు తినేవారికి అది స్వర్గమే. సముద్రపు ఒడ్డున ఉన్న మోహర్ కొండచరియలకు, కానమారా కొండల ప్రాంతానికి బస్సులు అక్కడి నుంచే బయలుదేరతాయి. అయితే పాత నగరంగా కళ్లకు కనిపించేది తక్కువ. 1584 నాటి స్పానిష్ ఆర్చ్, సెయింట్ నికోలస్ చర్చి, ఇప్పుడు బ్యాంకుగా ఉన్న లించ్స్ కాసిల్ చూడడానికి ఒక పూట చాలు. పైగా జూలై చివర గుర్రప్పందేల వారంలో గది దొరకడమే కష్టం.

బస విషయంలో కిల్కెన్నీకీ ఒక లోపం ఉంది. వారాంతాల్లో పెళ్లికి ముందు విందులు చేసుకునే గుంపులు వస్తాయి, జాన్ స్ట్రీట్ వైపు రాత్రి చాలాసేపు గోలగా ఉంటుంది. అందుకే వారం మధ్యలో వెళ్లి, కోటకు దగ్గరగా ప్యాట్రిక్ స్ట్రీట్ వైపు గది తీసుకోమంటాను. అక్కడి బట్లర్ హౌస్ ఒకప్పుడు కోటకు అనుబంధంగా ఉన్న నివాసం, ఇప్పుడు అతిథిగృహం. పాత ఇళ్లలో లిఫ్ట్ ఉండకపోవచ్చు కనుక గది కింది అంతస్తులో కావాలని ముందే అడగండి.

ఇక మిగతా ఊళ్లు. కార్క్ పెద్ద నగరం. 1788 నాటి ఇంగ్లిష్ మార్కెట్ కోసం, తిండి కోసం వెళ్లవచ్చు. లిమరిక్‌లో కింగ్ జాన్స్ కాసిల్ చూసి అదే రోజు తిరిగి రావచ్చు. వాటర్‌ఫర్డ్‌ను మాత్రం వదలవద్దు. 914లో వైకింగులు (ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన యోధులు) స్థాపించిన ఆ ఊరికి కిల్కెన్నీ నుంచి అదే రైలు మార్గంలో గంట కూడా పట్టదు. మూడో రోజు ఉదయం అక్కడికి వెళ్లి, రెజినాల్డ్స్ టవర్ చూసి, ఆ ఊరికే ప్రత్యేకమైన పిండి చల్లిన మెత్తని బ్లా రొట్టె తిని, సాయంత్రం రైలుకు అక్కడి నుంచే నేరుగా డబ్లిన్ చేరుకోవచ్చు.