బెర్లిన్‌లో కాఫీ గింజలు కొంటున్నారా? ముందు స్టిక్కర్ గీకండి

ఏ షాపో చెప్పక్కర్లేదు, బెర్లిన్ వెళ్లొచ్చిన ప్రతివాడూ ఫొటో పెడుతున్నదే. 250 గ్రాముల వాష్డ్ గేషా (పండు గుజ్జు కడిగేసి ఎండబెట్టిన ఖరీదైన కాఫీ రకం), 32 యూరోలు. ప్యాకెట్ మీద మల్లె, బెర్గమాట్ (నిమ్మజాతి పండు) వాసనలని రాసుంది. రూముకొచ్చి వీ60లో, అంటే గరాటులాంటి ఫిల్టర్లో, పోస్తే అటక మీది అట్టపెట్టె వాసన.

15 గ్రాముల పొడి మీద 45 గ్రాముల వేడినీళ్లు పడగానే తాజా గింజైతే ఉబ్బి బుడగలు కక్కాలి. వేపినప్పుడు లోపల చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ అప్పుడే బయటికొస్తుంది. ఇదేమో తడిసిన మట్టిలా అణిగి కూర్చుంది. అనుమానమొచ్చి ప్యాకెట్ వెనక స్టిక్కర్ గీకితే కింద ‘గెరోస్టెట్ ఆమ్’, అంటే వేపిన తేదీ. తొమ్మిది నెలల కిందటిది! పైన అంటించిందేమో ‘మిండెస్టెన్స్ హాల్ట్‌బార్ బిస్’, వాడుకోదగ్గ గడువు. చట్టం అడిగేది ఆ గడువే, వేపిన తేదీ వేసి తీరాలని లేదు. వెయ్యకపోతే మానె, వేసినదాన్ని కప్పెట్టడమేంటి?

కొనేటప్పుడు "ఎప్పుడు వేపారు?" అంటే "వెరీ ఫ్రెష్" అన్నాడా పెద్దమనిషి. మర్నాడు ప్యాకెట్ పట్టుకెళ్తే తేదీ వంక కన్నెత్తి చూడలేదు. "మీరు పాలు, చక్కెర పోసుకుని తాగేవాళ్లు కదా, లైట్ రోస్ట్ అలవాటవ్వడానికి టైం పడుతుంది" అని నవ్వాడు. అందరి ముందూ! అరకు కాఫీ 2017లోనే పారిస్‌లో షాపు తెరిచింది బాబూ, గేషా గురించి మాకు నువ్వు చెప్తావా... అని అక్కడ నోరు పెగల్లేదు, ఇక్కడ వీరంగం వేస్తున్నా.

విప్పిన ప్యాకెట్ తీసుకోరట. నచ్చలేదని 14 రోజుల్లో వెనక్కిచ్చే హక్కు ఆన్‌లైన్లో కొన్నవాటికే, షాపులో చేత్తో కొన్నదానికి కాదు.

నాకూ బుద్ధి లేదు. రైతుబజార్లో వంకాయ ముచ్చిక తిప్పి చూసేదాన్ని, 32 యూరోలు పోసి లేబుల్ రంగు చూసి కొన్నా. ప్యాకెట్ వాల్వ్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న రంధ్రం) దగ్గర ముక్కు పెట్టి ఒక్కసారి నొక్కుంటే అక్కడే తెలిసిపోయేది.

వెళ్లేవాళ్లు వేపి వారం నుంచి ఆరు వారాల లోపుది తీసుకోండి. తేదీ లేకపోతే వదిలెయ్యండి. వీలైతే అదే గింజతో ముందు ఒక కప్పు తాగి చూడండి. పొడి అక్కడ పట్టించొద్దు. ఎస్ప్రెస్సోకి పట్టినట్టు మెత్తగా పట్టేస్తే వీ60లో మూడు నిమిషాల్లో దిగాల్సిన నీళ్లు ఐదారు నిమిషాలు నిలబడి, కషాయం చేదెక్కుతుంది.

అన్నట్టు, కార్డు మెషీన్ రూపాయలా, యూరోలా అనడిగితే యూరోలే నొక్కండి, రూపాయలైతే మారకం రేటులో మనకే నష్టం. నాకు వాడే రూపాయలు నొక్కేశాడు. అది వేరే ఏడుపు.