శ్రీశైలం నడకదారికి ఏది మేలు: బూట్లా, శాండిల్సా, స్పోర్ట్స్ షూనా?

శివరాత్రికి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా నల్లమలలో శ్రీశైలం నడుస్తారు. మాల వేసుకున్నవాళ్లకు కాళ్లకు ఏం వేసుకోవాలన్న బెంగే లేదు, వట్టి కాళ్లే. ఉగాదికి వచ్చే కన్నడ భక్తుల్లో కొందరైతే కర్రకాళ్ల మీద కూడా నడుస్తారు. ఈ గోలంతా మిగతావాళ్లకే.

మొదటిసారి నేను చీలమండ పైదాకా వచ్చే ట్రెక్కింగ్ బూట్లు కొన్నాను. వాటర్‌ప్రూఫ్ అని మురిసిపోయా. శివరాత్రి రోజుల్లో నల్లమలలో వాన ఎక్కడిది? బయటి నీళ్లు లోపలికి రాలేదు సరే, లోపలి చెమటా బయటికి పోలేదు. నాగలూటిలో సాక్సు పిండితే నీళ్లు కారాయి. నానిన మడమ ఒరుసుకుని రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. మంచులోనో, వీపున పెద్ద బరువుతోనో నడిచేవాళ్లకు బూట్లు అవసరమే. ఇక్కడ దారిలో అన్నదానాలు ఉంటాయి. మన సంచిలో ఉండేది నీళ్లు, దుప్పటి. దానికి అంత బరువు కాళ్లకు కట్టుకోవడం దండగ.

బెల్టు శాండిల్స్‌లో గాలి ఆడుతుంది, బొబ్బలు తక్కువ. కానీ పది అడుగులకోసారి గులకరాయి దూరుతుంది. రాలిన ఆకుల కింద ముల్లు కనబడదు. హవాయి చెప్పులు రాత్రి మజిలీలో వేసుకోవడానికే.

నా ఓటు జాలీ గుడ్డతో చేసిన తేలికపాటి స్పోర్ట్స్ షూకే. చెమట తొందరగా ఆరుతుంది. అయితే సోలు కింద గాడులు లోతుగా ఉండాలి, అరిగినవైతే నున్నటి రాళ్ల మీద జారతాయి. అటక మీద ఏళ్లుగా పడున్న జత అసలే వద్దు. జిగురు ఎండి ఊడిపోయిన సోలును తువ్వాలు చింపి పాదానికి కట్టుకుని నడుస్తున్న ఒకాయన్ని పెద్దచెరువు దగ్గర చూశాను.

అసలు పరీక్ష భీమునికొలనుకు దిగే మెట్ల దగ్గర. సైజు బిగుతైతే దిగేటప్పుడు బొటనవేలు ముందుకు గుద్దుకుని గోరు నల్లబడుతుంది. అందుకే పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, సాక్సులు తొడుక్కుని కొనండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. నూలు సాక్సులు చెమటను పట్టి ఉంచుతాయి, సింథటిక్‌వి నయం. కొన్నాక రెండు మూడు వారాలు ఊళ్లోనే వేసుకుని తిరగండి. మెట్లు దిగే ముందు లేసు పై రంధ్రం దాకా బిగించి కట్టండి.

రెండోసారి అలాగే వెళ్లాను. శ్రీశైలం చేరువలోని కైలాసద్వారం దగ్గర షూ విప్పి చూసుకుంటే చిటికెన వేలు కొంచెం కందింది, అంతే.