నాగార్జునకొండా, అమరావతా: ఒక్క రోజే ఉంటే ఏది మేలు?

కృష్ణ ఒడ్డున పుట్టిన బౌద్ధ శిల్పాన్ని చూడాలనుకునేవారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. సెలవు ఒక్క రోజే, సాగర్ జలాశయం మధ్యలోని దీవికి వెళ్లాలా, అమరావతికి వెళ్లాలా? ప్రయాణ సుఖమే చూసుకుంటే అమరావతిదే పైచేయి. గుంటూరులో బస్సెక్కితే స్తూపం దగ్గర్లోనే దిగవచ్చు. నాగార్జునకొండకు లాంచి దొరకాలి, గాలి అనుకూలించాలి, జలాశయంలో నీరుండాలి, లాంచి కదలడానికి సరిపడా జనం రావాలి. అయినా నేను దీవి పేరే ముందు చెబుతాను.

ఎందుకంటే ఒక చోట ఊరు మునిగి శిల్పాలు మిగిలాయి. ఇంకో చోట ఊరు నిలిచి శిల్పాలు తరలిపోయాయి.

అమరావతి సంగతి ముందు చూద్దాం. వయసులోనూ పరిమాణంలోనూ అదే పెద్దది. స్తూపం వ్యాసం దాదాపు 50 మీటర్లు. కాలక్రమంలో అది మట్టిదిబ్బగా మారి దీపాలదిన్నె అనిపించుకుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు ఇటుకలకూ రాళ్లకూ ఆ దిబ్బే గనిగా పనికొచ్చింది. చెక్కిన పలకలు కొన్ని కట్టడాల్లో కలిసిపోయాయి, కొన్ని సున్నంగా కాలిపోయాయి. ఆంగ్లేయుల సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసి, 1816లో మళ్లీ వచ్చి మిగిలిన వాటికి బొమ్మలు గీయించాడు. 1845లో మద్రాసు కొలువులోని ఆంగ్ల అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకు చేరి, అక్కడి నుంచి 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికినవాటిలో చాలా భాగం మద్రాసు మ్యూజియంలో స్థిరపడ్డాయి.

కాబట్టి ఈ రోజు అమరావతిలో కనిపించేది గుండ్రటి ఇటుక పీఠం, దాని చుట్టూ నిలబెట్టిన కొద్దిపాటి పలకలు, పక్కన చిన్న మ్యూజియం. మొదటిసారి వెళ్లినవారు ‘ఇంతేనా’ అంటారు. వారిని తప్పుపట్టలేం. ఆ ఖాళీలో అండాన్నీ (స్తూపం మీది అర్ధగోళాన్ని) చుట్టూ ఉండే ప్రాకారాన్నీ ఊహించుకోవాలంటే ముందే ఎంతో కొంత చదివి ఉండాలి.

నాగార్జునకొండలో అంత సన్నాహం అక్కరలేదు. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇక్కడి లోయలో ఉండేది. 1926లో శిథిలాలు వెలుగులోకి వచ్చాయి, మరుసటి ఏడాది పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకం మొదలుపెట్టాడు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి వేశాక లోయకు గడువు పడిపోయింది. అంతకు ముందే, 1954లో మొదలుపెట్టి 1960 వరకు, పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నీటితో పందెం వేసినట్టు తవ్వారు. 30కి పైగా బౌద్ధ కట్టడాలు బయటపడ్డాయి. ముఖ్యమైన వాటిని విప్పి, మునగకుండా మిగిలే కొండ నెత్తిన మళ్లీ పేర్చారు, కొన్నింటిని ఒడ్డున అనుపులో నిలిపారు. 1966లో దీవి మీద మ్యూజియం తెరుచుకుంది. ఇప్పుడు మనం లాంచిలో దాటేది ఆ నగరం మీదుగానే. లాంచిలో పాటలు మారుమోగుతుంటాయి కాబట్టి ఆ సంగతి గుర్తుకు రావడం కొంచెం కష్టం.

మ్యూజియంలోకి వెళ్లగానే అందరూ విగ్రహాల వైపు నడుస్తారు. నా మాట వింటే ముందు మునిగిన లోయ నమూనా ఉన్న గదికి వెళ్లండి. ఏ స్తూపం ఎక్కడ ఉండేదో, కోట ఎక్కడో, నది ఎటు పారేదో అక్కడ ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ తర్వాత చూసే ప్రతి పలకా ఏదో ఒక చోటికి చెందినదిగా కనిపిస్తుంది. శిల్పాలన్నీ ఆకుపచ్చ ఛాయ ఉన్న పలనాటి సున్నపురాయి. జాతక కథలు, బుద్ధుడి జీవిత ఘట్టాలు, మధ్యమధ్య ఒకరి మీద ఒకరు వాలి నిలబడ్డ జంటలు. రాజప్రాసాద స్థలంలో దొరికిన స్తంభాల మీద గ్రీకుల మద్యదేవుడు డయొనైసస్ ఉన్నాడు, మధ్య ఆసియా నుంచి వచ్చిన శక సైనికుడి వేషంలో ఒకడు ఉన్నాడు. కృష్ణా తీరపు వర్తకం ఎంత దూరం పోయిందో పుస్తకంలో చదవడం వేరు, ఆ గడ్డం మనిషిని రాతి మీద చూడడం వేరు.

ఇక్కడి శాసనాల్లో నాకు ఎక్కువ నచ్చేది ఆడవారి గొంతు. రాజు చాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. ఆయన సోదరి చాంతిసిరి మాత్రం మహాచైత్యానికి, అంటే ఇక్కడి ప్రధాన స్తూపానికి, నాలుగు దిక్కుల్లో నిలిపే ఆయక స్తంభాలు ఎత్తించి, చాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో ఆ మాట రాతిలో చెక్కించింది. యజ్ఞాలు మగవారివి, స్తూపాలు ఆడవారివి అన్నట్టుంది ఆ ఇంటి లెక్క.

అయితే దీవికి రెండు పెద్ద లోపాలున్నాయి. ఒకటి, సమయం మన చేతిలో ఉండదు. లాంచి వాళ్లు చెప్పిన వేళకు రేవులో ఉండాలి. ఒకసారి నేను సగం గదులు చూడకుండానే పరుగెత్తాను. రెండోది ఇంకా పెద్దది. కొండ మీద కనిపించే మహాచైత్యం పుట్టిన చోట లేదు, తెచ్చి పేర్చినది. అమరావతిలో ఇటుకలు అరిగిపోయినా స్తూపం అదే నేల మీద ఉంది, పక్కనే ప్రాచీన నగరం ధాన్యకటకపు గుర్తుగా ధరణికోట ఉంది. రాతి అందం కన్నా ఆ నేల మీద నిలబడడమే ముఖ్యమనుకునేవారు నా మాట పక్కనపెట్టి అమరావతికే వెళ్లాలి. లాంచి ఎక్కి దిగలేని పెద్దలు వెంట ఉన్నా అంతే.

శిల్పమే కావాలి, స్థలంతో పనిలేదు అనేవారికి ఈ రెండూ కాదు, అమరావతి పలకలు చేరిన చెన్నై ఎగ్మూరు మ్యూజియం. బుద్ధుడి మీదికి వదిలిన మదపుటేనుగు నాలాగిరి వృత్తఫలకం ఒక్కటి చాలు ఆ ప్రయాణానికి. ఒకే వలయంలో ఏనుగు ఒక పక్క మనుషులను తొక్కుతూ వస్తుంది, మరో పక్క బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లుతుంది, మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు. రోజంతా అక్కడే కూర్చున్నా వెళ్లిపొమ్మనే లాంచి లేదు.

దీవికే వెళ్లేవారు మొదటి లాంచి పట్టుకోండి, వెనక్కి వచ్చాక అనుపుకు గంట మిగిలేలా చూసుకోండి. నీటి ఒడ్డున మెట్లమెట్లుగా నిలబెట్టిన రంగస్థలం అక్కడుంది, దీవి మీద దొరకని తీరిక కూడా ఉంది. శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు పురావస్తు శాఖ మ్యూజియానికి సెలవు.