గేటు దగ్గర నీళ్లు నిలవడం మానాయి, రెండో చాంబర్ పెట్టాక

మా గేటుకి రెండడుగుల ఇవతల ఒక పల్లం. వాన పడితే చెప్పులు చేత్తో పట్టుకుని దాటాల్సిందే. ఆ నీళ్లని పట్టి పైపులోకి పంపడానికి అక్కడ పెట్టించిన మొదటి చాంబర్‌ని, అంటే నేలలో పాతే పెట్టెని, ఒక వానాకాలం కూడా గడవకముందే పీకేశాను. ఇప్పుడు రాస్తున్నది రెండోదాని గురించి. 300 మి.మీ. చదరపు ప్లాస్టిక్ పెట్టె, పైన గాల్వనైజ్డ్ ఇనుప జాలీ, లోపల చెత్త ఆగడానికో బుట్ట. రెండు వానాకాలాలు చూసింది.

మొదటిదాని పెట్టె ఇంతకన్నా పెద్దదే. దాని మూతతోనే వచ్చింది తంటా అంతా. సన్నసన్నటి చీలికలతో ముచ్చటగా ఉండేది. వాన మొదలైన పది నిమిషాలకి ఆకులు కొట్టుకొచ్చి తడి కాగితంలా దానికి అతుక్కుపోయేవి. ఓసారి గొడుగు పట్టుకుని వెళ్లి మూతెత్తి చూశాను. బయట చీలమండల దాకా నీళ్లు, లోపల పెట్టె సగం ఖాళీ!

అప్పుడు కూర్చుని లెక్కేశాను. వాకిలీ, కప్పూ కలిపి అక్కడికి చేరేది సుమారు 100 చదరపు మీటర్ల మీద పడ్డ వాన. గంటకి 50 మి.మీ. చొప్పున కురిస్తే 5,000 లీటర్లు, అంటే సెకనుకి 1.4 లీటర్లు. 110 మి.మీ. పైపుకి మీటరుకో సెంటీమీటరు వాలు ఉంటే అంతకు మూడు నాలుగు రెట్లు సునాయాసంగా లాగేస్తుంది. పైపు మార్చమన్న సలహా వినకపోవడం మంచిదైంది. జాలీ సగం మూసుకుపోయినా ఆ నీళ్లు దిగాలి, అదీ నేను పెట్టుకున్న కొలత. ఈ కొత్త జాలీ కమ్మీల మధ్య వేలు దూరేంత సందుంది. ఆకులు కింద బుట్టలోకి పడతాయి, నీళ్లు ఆగవు.

సందు ఎక్కువైతే ఇంకో చిక్కు. మావాడి సైకిల్ సన్న టైరు మొదటి రోజే అందులో ఇరుక్కుంది. జాలీ చదరం కాబట్టి తీసి అడ్డంగా తిప్పి పెట్టాను, సరిపోయింది. కారు ఎక్కే చోటు కనక దాని మీద బి125 అని ఉందో లేదో చూసి కొన్నాను. అది 125 కిలోన్యూటన్లు, సుమారు పన్నెండున్నర టన్నుల పరీక్ష బరువు. ఎ15 అని ఉంటే మనుషులు నడిచే చోటుకే.

నాకు బాగా నచ్చింది అడుగు భాగం. బయటికెళ్లే పైపు, అడుగు నుంచి 15 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. ఇసుక, మట్టి పైపులోకి పోకుండా అక్కడే పేరుకుంటాయి. వానలప్పుడు నెలకోసారి డబ్బాతో తోడేస్తాను. అయితే అక్కడ నిలిచిన నీళ్లలో వారం తిరక్కుండానే దోమపిల్లలు కదులుతూ కనిపించాయి. అడుగున పొడుచుకోవడానికి వీలుగా గుర్తులున్నాయి, నాలుగు బెజ్జాలు పొడిచాను. కింద కంకర పరిచి ఉండటంతో నీళ్లు మెల్లగా ఇంకిపోతున్నాయి. బంకమన్ను నేలైతే ఈ ఉపాయం పారదు.

బిగించేటప్పుడు జాగ్రత్త. మేస్త్రి జాలీ తీసి పక్కన పెట్టి చుట్టూ కాంక్రీటు పోసేశాడు. ఒక పక్క లోపలికి ఉబ్బింది, జాలీ దిగనంది. అరగంట ఆకురాయితో రాస్తే గానీ కూర్చోలేదు. జాలీ పెట్టే ఉంచి పోయాల్సింది. నేల మట్టానికి అది ఓ అర సెంటీమీటరు కిందికి ఉండాలని మాత్రం పట్టుబట్టి చేయించుకున్నాను. పైకి తేలితే నీళ్లు పక్కనుంచే పోతాయి.

ఐదుకి నాలుగిస్తాను. ఆ ఒక్కటీ బుట్ట పిడి కోసం తగ్గించాను. తడి ఆకుల బరువుకి రెండో నెలలోనే ఊడి చేతికొచ్చింది. బైండింగ్ వైరు మెలేసి కట్టుకున్నాను, ఇప్పటికీ అదే.