మా గుడి మైక్‌సెట్: 100 వోల్ట్ లైన్‌కి మారిన తర్వాత

మా ఊరి రామాలయంలో ఉన్నది అహుజా 160 వాట్ల మిక్సర్ ఆంప్లిఫయర్. గోపురం మీద రెండు హారన్లు, మండపంలో నాలుగు కాలమ్ బాక్సులు (స్పీకర్లు ఒకదానిమీద ఒకటి పేర్చిన పొడుగాటి డబ్బాలు). కొన్నేళ్లుగా ఈ సెట్టు బాగోగులు నేనే చూస్తున్నాను. పక్క ఊళ్ల వాళ్లు వచ్చి "250 వాట్లది కొంటే సౌండు పెరుగుతుందా అండీ" అని అడుగుతుంటారు. కొనే ముందు, ఉన్న ఆంప్లిఫయర్ వెనక తీగ ఏ స్క్రూకి బిగించారో చూడమంటాను.

ఆ వెనక ప్యానెల్ మీద కామన్, 4, 8, 16 ఓమ్స్ (స్పీకర్లు కరెంటుకి ఇచ్చే అడ్డు కొలత), 100 వోల్ట్స్ అని వరసగా టెర్మినళ్లు ఉంటాయి. ఇవన్నీ లోపలున్న ఒకే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చినవే. ఫుల్ పవర్‌లో 4 ఓమ్స్ దగ్గర సుమారు 25 వోల్టులు, 8 దగ్గర 36, 16 దగ్గర 50, చివరిదాని దగ్గర 100 వస్తాయి. సరైన లోడు, అంటే ఆ టెర్మినల్‌కి సరిపడే స్పీకర్లు పెడితే ఎక్కడైనా అదే 160 వాట్లు. ఇంటి స్టీరియోల్లో సాధారణంగా ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. అక్కడ ఓమ్స్ తగ్గించేకొద్దీ కరెంటు ఎక్కువ లాగి, తట్టుకున్నంత వరకు వాట్లు పెరుగుతాయి. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. 8 ఓమ్స్ టెర్మినల్‌కి 4 ఓమ్స్ లోడు పెట్టి వాట్లు పెరిగాయని సంబరపడకూడదు, ఆంప్లిఫయర్‌కి జ్వరం వస్తుంది.

మొదట్లో గుడికి హారన్లు మాత్రమే ఉండేవి. రెండూ 16 ఓమ్స్ యూనిట్లు, పేరలల్‌గా కలిపి 8 ఓమ్స్ టెర్మినల్‌కి ఇచ్చారు. కాగితం మీద లెక్క సరిపోయింది. సౌండు మాత్రం ఎప్పుడూ నీరసంగానే ఉండేది. కారణం తీగ. ఆంప్లిఫయర్ గది నుంచి గోపురం మీదకి 100 మీటర్ల 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. పోను రాను 200 మీటర్లు కాబట్టి దాని నిరోధమే దాదాపు 5 ఓమ్స్. 8 ఓమ్స్ లోడు ముందు 5 ఓమ్స్ తీగ పెడితే వందలో 37, 38 పాళ్లు తీగలోనే వేడిగా పోతుంది. చివరి ఆయకట్టుకి నీళ్లందనట్టే.

ఆ ఏడాది కల్యాణోత్సవాలకి అద్దెకి వచ్చిన కుర్రాళ్లు మా హారన్లకి తోడు ఇంకో రెండు అదే టెర్మినల్‌కి తగిలించారు. నాలుగు 16 ఓమ్స్ పేరలల్‌లో పడితే 4 ఓమ్స్. తీగ మాత్రం 8 దగ్గరే ఉండిపోయింది. పైగా వాళ్ల హారన్లు ఆంప్లిఫయర్ గది పక్కనే, పొట్టి వైరు మీద ఉన్నాయి. రెండో రాత్రికి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయాయి. రిపేరు ఖర్చు కమిటీ భరించింది.

ఆ తర్వాతే అంతా 100 వోల్ట్ లైన్‌కి మార్చాం. అంటే వోల్టేజి పెంచి తక్కువ కరెంటుతో తీగలో పంపి, ప్రతి స్పీకరు దగ్గర లైన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో మళ్లీ దించుతారు. కాలమ్ బాక్సుల్లో లైన్ ట్రాన్స్‌ఫార్మర్ లోపలే ఉంటుంది. హారన్లకి విడిగా కొని, వాన తగలకుండా డబ్బాల్లో పెట్టాం. ఇక ఓమ్స్ లెక్క దాదాపు అక్కర్లేదు, వాట్లు కూడుకుంటే చాలు. బాక్సులు నాలుగూ 15 వాట్ల ట్యాప్ (ఎన్ని వాట్లు తీసుకోవాలో ఎంచుకునే టెర్మినల్) మీద, హారన్లు రెండూ 30 మీద. మొత్తం 120. ఆంప్లిఫయర్ రేటింగ్‌లో 80 శాతం దాటకుండా చూసుకుంటే వేసవిలో కూడా టెన్షన్ ఉండదు. ఓమ్స్‌లో చూడాలనుకుంటే, పదివేలని మొత్తం వాట్లతో భాగించండి. మాకు 83 వచ్చింది, 160 వాట్లకి కనీసం 62.5 ఉండాలి. గోపురం తీగ మార్చలేదు. అదే సన్న వైరు, నష్టం మాత్రం 3 శాతం లోపే.

వాడుతూ వాడుతూ తెలిసిన సంగతి, హారన్లకి 30 వాట్లు కూడా ఎక్కువే. ఇలాంటి హారన్లు ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 105 నుంచి 110 డెసిబెల్స్ దాకా ఇస్తాయి. కాలమ్ బాక్సులు 90 పైచిలుకు. రెండింటికీ వాట్లు సమానంగా ఇస్తే బాక్సులు వినపడనే వినపడవు. అందుకని హారన్ల ట్యాప్ 15కి దించాను. సగం వాట్లు తగ్గితే తగ్గేది 3 డెసిబెల్సే. వీధి చివర అరుగుల మీద కూర్చునే పెద్దవాళ్లు కూడా తేడా ఉందనలేదు. అంటే 160 తీసేసి 250 పెడితే పెరిగేది 2 డెసిబెల్సే. ఆ డబ్బు మంచి మైకు మీద పెట్టండి.

బేస్ నాబ్ మాత్రం ఎవరినీ తిప్పనివ్వను. బేస్ ఎక్కువైతే హారన్ యూనిట్ డయాఫ్రమ్ (సౌండు పుట్టించే పలుచని పొర) అదుపు తప్పి ఊగుతుంది, లైన్ ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప కోర్ అయస్కాంత శక్తితో నిండిపోయి లోడు ఒక్కసారిగా బరువెక్కుతుంది. వాల్యూమ్ చివరిదాకా తిప్పి గొంతు పగిలేలా పెట్టినా యూనిట్లకి చేటే, వేవ్ పైభాగం తెగి చదునైతే రేటింగ్‌కి దాదాపు రెట్టింపు పవర్ వాటి మీద పడుతుంది. ఇంకొకటి, మల్టీమీటర్‌తో ఓమ్స్ చూసి కంగారుపడొద్దు. అది డీసీ నిరోధం చూపిస్తుంది. 16 ఓమ్స్ యూనిట్ 12, 13 చూపించడం మామూలే. 100 వోల్ట్ లైన్ మీద పెడితే ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు తప్ప ఏమీ కనపడదు, షార్ట్ అయిందేమో అనిపిస్తుంది. దీనికి ఇంపెడెన్స్ మీటర్ కావాలి, అది ఏసీకి వచ్చే అడ్డు కొలుస్తుంది.

నాకు బాగా నచ్చింది హారన్లకి విడిగా స్విచ్ పెట్టుకునే వీలు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయటి లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున హారన్లు కట్టేసి, మండపం తలుపులు వేసి, బాక్సులు మాత్రమే చిన్నగా పెడతాం. హారన్లు తీసేసినా లైన్ వోల్టేజి పెద్దగా మారదు కాబట్టి బాక్సుల సౌండు ఉన్నట్టే ఉంటుంది.

నచ్చనిది సంగీతం. పంతులుగారి మంత్రాలు, ప్రవచనం స్పష్టంగా వస్తాయి. నాదస్వరం ఫరవాలేదు, డోలు మాత్రం రేకు డబ్బా మీద కొట్టినట్టు వినిపిస్తుంది. ఈ లైన్‌తో అంతకంటే కుదరదు. ఉత్సవాలకి పెద్ద బాక్సులు, వాటి ఆంప్లిఫయర్ కలిపి అద్దెకి తెస్తున్నాం. వాళ్ల తీగ మా ప్యానెల్‌ని తాకకూడదు, అది ముందే చెప్పి బయానా ఇస్తున్నాం.