లండన్‌లో రిచర్డ్‌సన్ స్వీయచిత్రాలు: ఎక్కడ చూడాలి, ఎక్కడ దిగాలి

ఇంగ్లిష్ చిత్రకారుడు జొనాథన్ రిచర్డ్‌సన్ (1667–1745) తన ముఖాన్ని తానే గీసుకున్న బొమ్మల కోసం లండన్ వెళ్లేవాళ్లు విమానం టికెట్ కంటే ముందు బ్రిటిష్ మ్యూజియం ప్రింట్స్ అండ్ డ్రాయింగ్స్ స్టడీ రూమ్‌లో (కాగితం మీది బొమ్మలను అడిగి తెప్పించుకుని చూసే గది) అపాయింట్‌మెంట్ ఖాయం చేసుకోవాలి. గోడ మీద ఉంటాయిలే అనుకుని వెళ్తే చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగి రావాల్సిందే. కాగితం మీది బొమ్మలు వెలుతురుకు పాడవుతాయి. 50 లక్స్ మసక వెలుగులో కొన్ని నెలలు పెట్టి, తర్వాత ఏళ్ల తరబడి పెట్టెల్లో ఉంచేస్తారు.

చూడటానికి రుసుము లేదు. మ్యూజియం ఆన్‌లైన్ క్యాటలాగ్‌లో చిత్రకారుడి పేరు వెతికి, కావాల్సిన ప్రతి బొమ్మ రిజిస్ట్రేషన్ నంబరునూ ఈమెయిల్‌లో రాయాలి. "రిచర్డ్‌సన్ బొమ్మలన్నీ" అని రాస్తే పని జరగదు. ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. 1728 ప్రాంతం నుంచి, అరవై దాటిన వయసులో, ఆయన తనను తాను లెక్కలేనన్నిసార్లు గీసుకున్నాడు. వాటిలో ఎక్కువ భాగం నీలి కాగితం మీద సుద్దతోనో, వెల్లం తోలు మీద గ్రాఫైట్‌తోనో గీసినవే. కలం, సిరా పని కావాలంటే ఏ సామగ్రితో గీశారన్న వివరం చదివాకే నంబరు పంపాలి. ఒక పూటకు ఐదారు చాలు. అంతకు మించితే ఏదీ సరిగా చూడలేం.

వెళ్లేటప్పుడు మాంటేగ్ ప్లేస్ వైపు వెనక గేటు నయం. అక్కడి క్యూ గ్రేట్ రస్సెల్ స్ట్రీట్ వైపు ముందు గేటు క్యూ కంటే చిన్నది, 90వ గదికి దగ్గర కూడా. స్టడీ రూమ్ దారి ఆ గది నుంచే. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు తప్పనిసరి. లోపల పెన్సిల్ తప్ప పెన్ను పనికిరాదు. చక్రాల సూట్‌కేసును మ్యూజియంలోకే రానివ్వరు, కాబట్టి విమానం దిగి నేరుగా వెళ్లే ఆలోచన మానుకోవాలి.

బొమ్మ చేతికొచ్చాక ముందు చూడాల్సింది నీడల కోసం వేసిన గీతల వాలు. కుడిచేతి వాటం వాళ్ల గీతలు పై కుడి నుంచి కింది ఎడమకు వాలతాయి. అద్దం ముఖాన్ని తారుమారు చేస్తుంది కానీ ఈ వాలును మార్చలేదు. ఆ కాలపు సిరాల్లో ఒక రకం మాచికాయ, అన్నభేది, తుమ్మబంక కలిపి చేసింది. రాసిన కొత్తలో నల్లగానే ఉన్నా కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. కలం ఆగి సిరా చిక్కగా దిగినచోట కాగితాన్ని తినేస్తుంది కూడా. (శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేదీ ఇనుము, కరక్కాయ కలిసినందువల్లే.) వెనకవైపు చూడాలనుంటే సిబ్బందిని అడగాలి, చాలావాటి మీద రిచర్డ్‌సన్ తేదీ వేశాడు.

సోమర్‌సెట్ హౌస్‌లోని కోర్టాల్డ్ అనే కళాసంస్థ 2015లో ఈ స్వీయచిత్రాలతోనే ప్రదర్శన పెట్టింది. దాని గ్యాలరీకి టికెట్ ఉంది. బొమ్మల గదికి మళ్లీ విడిగా అపాయింట్‌మెంట్ కావాలి. ఒక్కరోజే ఉంటే బ్రిటిష్ మ్యూజియానికే ఓటు. నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి ప్రవేశం ఉచితం, మిగిలిన సాయంత్రానికి సరిపోతుంది.

బసకు మ్యూజియం చుట్టుపక్కలున్న బ్లూమ్స్‌బరీ సుఖం. హీత్రో విమానాశ్రయం నుంచి ట్యూబ్ (లండన్ మెట్రో) పికడిల్లీ లైన్ నేరుగా రస్సెల్ స్క్వేర్‌ స్టేషన్‌కు వస్తుంది. లిఫ్టు పనిచేయకపోతే మాత్రం 175 మెట్లు. ఇక్కడి పాత ఇళ్ల హోటళ్లలో చాలావాటికి లిఫ్టు ఉండదు, మెట్లు ఇరుకు; పెద్దవాళ్లతో వెళ్తే బుక్ చేసేముందే కింది అంతస్తు గది అడగాలి. వేసవిలో విద్యార్థుల హాస్టల్ గదులు చవకగా దొరుకుతాయి. తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో అద్దె ఇంకా తక్కువ, ఇడ్లీ దోసెలకు లోటు లేదు, హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ మీద యూస్టన్ స్క్వేర్‌కు రైలు మారకుండా రావచ్చు. కానీ ఉదయం రద్దీలో నిలబడి వచ్చాక సన్నగీతలు చూసే ఓపిక ఉండదు. భోజనానికి యూస్టన్ పక్కన డ్రమండ్ స్ట్రీట్‌లో మన శాకాహార హోటళ్లున్నాయి.

ట్యూబ్‌లో రోజంతా ఒకే కార్డు తాకించాలి. ఒకసారి ఫోను, ఒకసారి కార్డు వాడితే రోజువారీ ఛార్జీ గరిష్ఠ పరిమితి రెండింటికీ వేర్వేరుగా లెక్కిస్తారు, డబ్బు ఎక్కువ పోతుంది.