ఎండిన మొక్కను బతికించుకోవడమా, పీకేసి కొత్తది పెట్టడమా: ఏది మేలు?

నీళ్లు చూసి చూసి వాడుకున్న ఎండాకాలం గడిచి రెండు గట్టి వానలు పడితే చాలు, మన వైజాగ్‌లో పెరడున్న ఇళ్లలో ఇదే చర్చ. మోడులా నిలబడ్డ మందారాన్ని, ఆకంతా రాల్చేసిన కరివేపాకును ఇంకొన్నాళ్లు చూద్దామా, లేక పీకేసి కడియం నర్సరీల నుంచి వచ్చిన నిగనిగలాడే మొక్క తెచ్చి పెట్టేద్దామా? నేలలో వేళ్లూనుకున్నదైతే ఆగండి, కుండీలోదైతే అంత పట్టుదల అక్కర్లేదు అంటాను నేను.

కొన్నేళ్లుగా నేలలో ఉన్న మొక్క పైన ఎండినా లోతు వేళ్లు బతికుండొచ్చు. కొత్త మొక్క వేళ్లు ఇంకా కవర్లో వచ్చిన మట్టిముద్దలోనే ఉంటాయి కాబట్టి వానకీ వానకీ మధ్య నాలుగు రోజులు ఎండ కాసిందంటే దానికి రోజూ నీళ్లు కావాలి, అదీ మన ఎర్ర గరపనేలల్లో నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లకైతే ఉప్పుగాలి బాధ కూడా ఉంది, నర్సరీ నీడలో పెరిగిన లేత ఆకు దానికి మాడిపోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత ఆకన్నది లేకుండా మిగిలిన చెట్లు ఎన్ని మళ్లీ చిగిర్చాయో ఈ ఊరికి తెలుసు.

బతికుందో లేదో తేల్చుకోవడం తేలికే. కొమ్మ చివర గోటితో బెరడు గీకండి, గోధుమరంగు ఉంటే ఇంకాస్త కిందికి రండి. పచ్చదనం కనిపించిన చోటికి కొంచెం పైన కత్తిరిస్తే చాలు, ఒకేసారి మొదలుదాకా నరికేయొద్దు. కరివేపాకు మొదట్లోంచి పిలకలేస్తుంది, దాని మీద నమ్మకం పెట్టుకోవచ్చు. అంటు మామిడి, గులాబీల సంగతి వేరు. చిగురు అంటు కట్టిన చోటుకి కింద నుంచే వస్తోందంటే పెరిగేది మీరు కొన్న రకం కాదు, అంటు కట్టడానికి అడుగున ఉపయోగించిన మొక్క. అలాంటప్పుడు కొత్తదే మేలు.

ఇక కుండీలు. బోరు నీళ్లు పోసి పోసి మట్టి మీద తెల్లటి పొర కట్టి ఉంటుంది, కుండీ మట్టి పూర్తిగా ఎండిపోతే నీళ్లు సరిగా పీల్చదు, పోసినవన్నీ అంచుల వెంట జారిపోతాయి. బాగా ఇష్టమైన మొక్కైతే కుండీని టబ్బు నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి ఉంచండి. మిగతావి, ముఖ్యంగా టమాటా, వంగ, బంతి లాంటివి, మట్టి మార్చి మళ్లీ వేసుకోవడమే నయం.

చిగురు కనిపించగానే డీఏపీ, యూరియా గుప్పించేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఇప్పుడిప్పుడే వస్తున్న లేత వేళ్లు మాడిపోతాయి. పాదు చేసి, రెండంగుళాల మందాన ఎండుటాకులు పరిచి, కాండానికి తగలకుండా కాస్త ఎడం వదిలితే ఈ దశకు చాలు. రెండు విడతల ఆకులు ముదిరాక వర్మీకంపోస్టు వేయొచ్చు. మందారం లేత చిగుళ్లకు పిండినల్లి (తెల్లగా దూదిలా పట్టే పురుగు) పడుతుంది, చీమలు బారులు కట్టాయంటే ఆకు అడుగున చూడండి.

వానలు మొదలై నెలన్నర దాటినా, మొదలు దగ్గర గీకినా గోధుమరంగే ఉంటే మాత్రం పీకేయండి. ఆ గుంతలో చెదలున్నాయేమో చూసి, వేపపిండి కలిపి కొత్త మొక్క పెట్టండి. బంకమట్టి ముద్దతో వచ్చినదైతే అంచులు కాస్త విడదీసి నాటాలి. మనకు అక్టోబరులోనూ వానలుంటాయి, ఆలస్యమేమీ కాదు.